ఉలి జారిన చోటు

ప్రియమైన ఇంటిదానికి,

నువ్వు రైలెక్కి తొమ్మిది రోజులైంది. మీ చెల్లెలి కాలు ఎలా ఉంది? కట్టు విప్పేదాకా ఉండి రమ్మన్నది నేనే. కాబట్టి తొందరపెట్టే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను, ఎప్పుడొస్తావు?

నేను బాగున్నాను. అన్నమే బాగాలేదు. సోమవారం గంజి అయింది. మంగళవారం గులకరాళ్లు నమిలినట్టుంది. బుధవారం అడుగు మాడింది, పైన ఉడకలేదు. ఒకే గిన్నెలో ఆ రెండూ ఎలా కుదిరాయో తెలియదు. పాలు రెండుసార్లు పొంగాయి. రెండుసార్లూ నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. తల అటు తిప్పి ఇటు తిప్పేలోపు పొయ్యి ఆరిపోయింది.

కూర చేసి పక్కింటి టైలరుకి కాస్త పెట్టాను. "మేస్త్రీ, దీంతో కుర్చీ కాళ్లు అతికించొచ్చు" అన్నాడు. తినడం మాత్రం మానలేదు.

తలుపు చట్రంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా నా చేతికి తెలిసిపోతుంది. వంటింట్లో నాకు కొలతే దొరకడం లేదు. ఎన్ని గ్లాసుల నీళ్లు, ఎన్ని నిమిషాలు, ఉప్పు ఎంత, అన్నీ రాసి పంపు. అంగుళాల్లో రాసినా పర్వాలేదు.

ఇట్లు,
నీ మేస్త్రీ

*

ప్రియమైన మేస్త్రీ గారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి నా చేతులు తడిగా ఉన్నాయి. చెల్లి చదివి వినిపించింది. టైలరు మాట దగ్గర కట్టుకాలు మరిచిపోయి మరీ నవ్వింది, ఆ తర్వాత అబ్బా అంది.

గ్లాసులూ వద్దు, నిమిషాలూ వద్దు. బియ్యం కడిగి గిన్నెలో సమంగా సర్దండి. చూపుడువేలు బియ్యం మీద నిలబెట్టి, వేలి మొదటి గీత మునిగేదాకా నీళ్లు పోయండి. పొయ్యి మీద పెట్టాక చెవి అటు వేసి ఉంచండి. కుతకుత అంటున్నంతసేపు నీళ్లున్నట్టు. చిటచిట మొదలైందంటే నీళ్లయిపోయినట్టు. అప్పుడు దించేయండి. మూత మాత్రం తియ్యకండి. మీకు ఓపిక తక్కువని నాకు తెలుసు, అయినా ఒక్క పావుగంట తియ్యకండి.

పాలగిన్నెలో చిన్న పింగాణీ సాసరు బోర్లించి వెయ్యండి. పాలు మరిగే ముందు అది టకటకా కొట్టుకుంటుంది. దాని ఎదురుగా కాపలా కాయక్కర్లేదు, పేపరు చదువుకోండి.

ఉల్లిపాయ ముక్కుని పొడుస్తున్నంతసేపు పచ్చిగా ఉన్నట్టు. ఆ ఘాటు పోయి తియ్యటి వాసన లేస్తే వేగినట్టు. బంగాళాదుంపకి చాకు గుచ్చి పైకెత్తండి. చాకుతో పాటు లేస్తే ఇంకా ఉడకాలి, జారి పడిపోతే ఉడికింది. గుడ్డుని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల కదిలిన చప్పుడు వస్తే పాతది, కొనకండి. కూరలో ఉప్పు ఎక్కువైతే కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. ఉడికిన దుంప ఇంకోటి చిదిమి కలపండి.

చెల్లి కాలు నయమవుతోంది. నేనెప్పుడొచ్చేదీ ఇంకా చూడాలి. వేళకి తినండి.

మీ ఇంటిది

*

ప్రియమైన ఇంటిదానికి,

అన్నం అయింది. పావుగంట కూర్చుని మూత తీశాను. మెతుకు మెతుకు విడివిడిగా లేచి నిలబడ్డట్టుంది. వెంటనే తినబుద్ధి కాలేదు, చూస్తూ కూర్చున్నాను. ఈ వేలు మీద ఈ గీత పుట్టినప్పటి నుంచీ ఉంది. అది కొలబద్ద అని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

పాలు కాచినప్పుడు నేను వరండాలో ఉన్నాను. లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు టకటకా వినిపించింది. పాలే నన్ను పిలిచాయి. వెళ్లి దించాను. చుక్క కూడా పొంగలేదు, నవ్వకు.

ఒకటి అడగనా? నీ ఉత్తరం కాగితానికి విసనకర్రలా అన్ని మడతలెందుకు? ఒక్కో మడత మీద ఒక్కో వరుస కూర్చుంది. కవరులో పట్టడానికి రెండు మడతలు చాలు కదా.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. వంటింటి గోడకి ఉన్న చెక్క అర దించి, అంచు చిత్రిక పట్టాను. దాని నిండా చాకుతో పెట్టిన గాట్లు. కూరగాయలు దాని మీదే తరిగేదానివి కాబోలు. అన్నీ పోయాయి. ముప్పై ఒక్క ఏళ్ల కిందట అది బిగించేటప్పుడు ఎడమ చివర నా ఉలి జారి పడ్డ గాటు ఉంది చూడు, మా పెద్దమేస్త్రీ అందరి ముందూ నవ్వాడు, అది కూడా పోయింది. ఇన్నేళ్లు కంట్లో నలుసులా ఉండేది. ఇప్పుడు అంచు గాజులా నున్నగా ఉంది. డబ్బాల మెడలకి కట్టిన మురికి పీలికలు విప్పేసి, పెయింటుతో పేర్లు రాసి, పెద్దవి వెనక, చిన్నవి ముందు సర్దాను. నువ్వొచ్చి చూస్తే నీ వంటిల్లు కాదనుకుంటావు.

ఇట్లు,
అన్నం వండిన నీ మేస్త్రీ

*

ప్రియమైన మీకు,

ఉత్తరం అందింది. అర బాగానే ఉండి ఉంటుంది. మీ చేతిపనికి వంకేముంటుంది.

చెల్లికి ఇంకా నా అవసరం ఉంది. రెండు నెలలు పట్టొచ్చు, ఎక్కువైనా పట్టొచ్చు. మీకు వంట వచ్చేసింది కాబట్టి నాకిక దిగుల్లేదు. నేను రాకపోయినా గడిచిపోతుంది.

ఆ పీలికలు పారేశారా, ఉన్నాయా?

మీ ఇంటిది

*

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఏడు వరుసలున్నాయి. అందులో ఒక్క వంట సలహా కూడా లేదు. ఉత్తరం బల్ల మీద పెట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను.

తర్వాత నీ పాత ఉత్తరం తీశాను. విరిగిన కుర్చీని విప్పి ముక్కలు వరసగా పేర్చుకుంటాం కదా, నీ సలహాలు అలా పేర్చాను. అన్నం వేలితో, చెవితో. పాలు చెవితో. ఉల్లిపాయ ముక్కుతో. దుంప చేతితో. గుడ్డు చెవితో. కంటితో చూసేది ఒక్కటీ లేదు. ఉల్లిపాయ ఎర్రగా వేగాలని ఎవరైనా చెబుతారు. నువ్వు చెప్పలేదు.

మడతలు కూడా అప్పుడే అర్థమయ్యాయి. కలం పక్కకి జారకుండా మడత పట్టుకుని రాశావు.

తువ్వాలు కళ్లకి కట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నేను కట్టిన గది, నేను కొట్టిన మేకులు. అయినా ఉప్పు ఎక్కడుందో చేతికి తెలియలేదు. అంచు తడిమాను. నున్నగా ఉంది. అంత నున్నగా చేసినందుకు నా చేతుల మీద నాకే కోపం వచ్చింది. నేను రాసిన పెయింటు పేర్లు వేలికి ఏమీ చెప్పలేదు. నేను తుడిచేసింది మురికి కాదని అప్పుడు తెలిసింది.

పీలికలు పారెయ్యలేదు. జిగురు తుడుచుకోవడానికి పనికొస్తాయని డబ్బాలో వేశాను, వాడలేదు. ఒకదానికి ఒక ముడి, ఇంకోదానికి రెండు, అలా పదకొండు దాకా ఉన్నాయి. ఏది ఏ డబ్బాదో వాసన చూసి పోల్చుకున్నాను. మిరియాల పీలిక నాలుగుసార్లు తుమ్మించింది. వాసన లేనిదాన్ని నాకాను. ఉప్పు. ఒక ముడి.

గాట్ల సంగతి ఎలాగా అని రెండు రోజులు ఆలోచించాను. చిత్రిక పట్టినప్పుడు ఊడిన చెక్కపొరలు పొయ్యి రాజెయ్యడానికి సంచిలో ఉన్నాయి. చుట్టలు చుట్టుకుపోయాయి. ఒక్కోటి తడిపి విప్పితే, మొదట ఊడిన పొర అర నిడివి మొత్తం ఉంది. దాని అంచున ఎలుక కొరికినట్టు నీ గాట్లన్నీ ఉన్నాయి. దాన్ని అర అంచు మీద పరిచి, గాటుకి గాటు గుర్తు పెట్టి, నీ కూరగాయల చాకుతోనే కోశాను. పదకొండు. పీలికలు మళ్లీ డబ్బాలకి కట్టి, ముడుల లెక్కన గాటుకొకటి పెట్టాను. ఎడమ చివర నా ఉలి దెబ్బ కూడా ఆ పొరలో ఉంది. అది నా తప్పు, నీది కాదు కాబట్టి వదిలేశాను.

తర్వాత మళ్లీ కళ్లకి గంతలు కట్టుకుని ఒక్క గుడ్డు ఉడకబెట్టాను. ఒక్క గుడ్డుకి నాకు గంట పట్టింది. వేలు కాలింది. నువ్వు రోజూ మూడు పూటలా చేశావు. ఒక్క పూట ఉప్పు తప్పలేదు. సూదిలో దారం ఎక్కించమని నన్ను అడిగేదానివి. ఆ తర్వాత కుట్టడమే మానేశావు. వయసు అనుకున్నాను. నేనేం మనిషినో.

ఈ వంటిల్లు నేను కట్టాననుకుంటూ వచ్చాను. నేను గోడలూ చెక్కలూ పెట్టానంతే. వాటి మధ్య కంటికి కనపడని ఇంకో ఇల్లు నువ్వు కట్టావు. నేను అందులో కూర్చుని తిన్నాను, చూడలేదు. అంత సన్నటి పనితనం నా జన్మలో చూడలేదు. ఇది పొగడ్త కాదు, పనివాడిగా చెబుతున్నాను.

నీ చూపు ఎంత పోయింది? ఎప్పటి నుంచి? నాకు చెప్పు. చెప్పబుద్ధి కాకపోతే, ఈ పార్సిల్లో పుల్ల ఉంది, అది తడిమి చూడు. అర పొడవే ఉంటుంది, గాట్లు కూడా అంతే దూరంలో పెట్టాను. ఎక్కడైనా తప్పితే రాయి, సరిచేస్తాను.

ఇంటికి రా.

నీ మేస్త్రీ

*

ప్రియమైన మీకు,

ఇది కూడా మడతల మీదే రాస్తున్నాను. ఇక ఎందుకని అడగరుగా.

ఆరేళ్లయింది. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి మనుషులు తెర వెనక నడిచినట్టు కనిపిస్తారు. ఇక్కడి డాక్టరు చుక్కల మందు వేస్తున్నాడు. పోయింది రాదన్నాడు, ఉన్నది నిలబెట్టొచ్చన్నాడు. చెల్లి కాలు విరిగిన మాట నిజమే. దాన్ని సాకుగా పెట్టుకుని కళ్లు చూపించుకోవడానికి వచ్చిన మాట కూడా నిజమే.

మీకెందుకు చెప్పలేదంటారా? చెప్తే మీరేం చేస్తారో నాకు తెలుసు. నా చేతిలో గరిటె లాక్కుని, మీ చేత్తో చేసిన మంచి కుర్చీ ఒకటి తెచ్చి, నన్ను కిటికీ దగ్గర కూర్చోబెడతారు. ప్రేమతోనే చేస్తారు. ఆ కుర్చీకి భయపడి చెప్పలేదు.

చిత్రిక సంగతి చెల్లి చదువుతుంటే నా కాళ్ల కింద నేల ఎవరో లాగేసినట్టయింది. అక్కడికి వచ్చి తడుముకుంటూ తిరిగే బదులు ఇక్కడే ఉండిపోదామనుకున్నాను. అందుకే అంత పొడిగా రాశాను. చెల్లి తిట్టింది. మీరు మాత్రం తిట్టలేదు.

పార్సిలు నిన్న వచ్చింది. పుల్ల ఒళ్లో పెట్టుకుని మూడుసార్లు తడిమాను. పీలికల వాసన చూశారని, ఉప్పు పీలిక నాకారని చెల్లి చదివినప్పుడు ఆ వరుస మళ్లీ చదవమన్నాను. మీరు ఏదైనా నాలుకతో చూసి తెలుసుకున్నారంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

పదకొండూ ఎక్కడివక్కడ ఉన్నాయి. పన్నెండోది లేదు.

మీ ఉలి జారిన గాటు. ఎడమ చివరది. అది మీ తప్పు కాబట్టి వదిలేశానని రాశారు. వంటింటి గుమ్మం దాటగానే నా చెయ్యి ముందు దాన్నే వెతుకుతుంది. చాకు గాట్లన్నీ ఒకేలా ఉంటాయి, అదొక్కటే లోతుగా, ఏటవాలుగా ఉంటుంది. అక్కడ వేలు పెట్టి, అక్కణ్ణించి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటాను. అది లేకపోతే మిగతావి ఎక్కడ మొదలయ్యాయో నాకు తెలియదు. ఉప్పు కూడా దొరకదు. మీ పెద్దమేస్త్రీ నవ్వాడని ముప్పై ఏళ్లు సిగ్గుపడ్డారు. ఆరేళ్లుగా మీ భోజనం దాని మీదే నడుస్తోంది.

గురువారం పొద్దుటి రైలుకి వస్తున్నాను. స్టేషనుకి రండి, నా చెయ్యి పట్టుకోండి. ఇంటి గుమ్మం దగ్గర వదిలెయ్యండి.

ఈలోపు ఉలి తీసుకుని, అదే చోట, ఇంకోసారి జారనివ్వండి. మరీ నీటుగా చెయ్యకండి, గుర్తుపట్టలేను.

మీ ఇంటిది