వాగులో పోయిన చెప్పు

వదినకి,

మేం ఈ పల్లెటూరి విడిదికి క్షేమంగా చేరాం. మీ తమ్ముడికి ఆఖరి నిమిషంలో సెలవు దొరకక, అత్తయ్యా నేనూ ఇద్దరమే వచ్చామని తెలిసి మీరెంత కంగారుపడి ఉంటారో ఊహించగలను. వంటింటి గొడవ తర్వాత మేం సరిగ్గా మాట్లాడుకోనే లేదు కదా.

ఇక్కడా మొదట్లో అంతే. ఆవిడ వరండాలో, నేను పెరట్లో. ఇల్లు అద్దెకిచ్చిన రైతు భార్య పాపం మా ఇద్దరి మధ్యా పాలచెంబుతో తిరిగేది.

నిన్న పొద్దున పొలాల వెనక వాగు దాటుతుంటే అత్తయ్య చెప్పు జారి నీళ్ళలో కొట్టుకుపోయింది. దాన్ని పట్టుకోబోయి నేను బోర్లా పడ్డాను. "చెప్పు పోతే పోయింది, నువ్వు లేమ్మా!" అంటూ చెయ్యందించబోయి ఆవిడా నా పక్కనే చతికిలబడ్డారు. మోకాలి లోతు నీళ్ళలో తడిసి ముద్దయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. గట్టు మీది గేదెలు మేత మానేసి మమ్మల్నే చూశాయి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఒంటి చెప్పుతో కుంటుతూ, నా భుజం పట్టుకుని, దారంతా మీ చిన్ననాటి అల్లరి చెప్పారు. అవన్నీ కలిసినప్పుడు తేల్చుకుందాం.

మాకు సర్దిచెప్పడానికి ఆదివారం మీ తమ్ముడు వస్తారట. ఆయన్ని ఆపే పూచీ మీదే. "నాలుగు రోజులాగి రమ్మను, వాడొస్తే మన కబుర్లు సాగనివ్వడు" అంటున్నారు అత్తయ్య.

మీ మరదలు