కమానులు లెక్కపెట్టుకొని రా

ఆత్మకూరు,
9-9-1957.

నాయనకు, అమ్మకు మీ కూతురు సువార్త వందనములతో రాసేది.

ఈ ఉత్తరం ఇవాళే రాయక తప్పదు. దసరా సెలవుల్లో ఈ చుట్టుపక్కల బోర్డు బళ్ళ టీచర్లు పద్నాలుగు మందిని హైదరాబాదు చూపించడానికి తీసుకుపోతున్నారు. అందులో నా పేరు ఉంది. పెళ్ళి కాని ఆడ టీచర్లు ఇంటి పెద్దల ఒప్పుదల తేవాలని మా హెడ్‌మిస్ట్రెసు పద్మావతమ్మ గారు అన్నారు. నాయన వేలిముద్ర వేసిన కాగితం వచ్చే సోమవారం లోపల ఆమె చేతికి అందకపోతే నా బదులు ఇంకొకరు పోతారు.

అయిదో తరగతికి గోలకొండ పాఠం రెండేళ్ళుగా చెబుతున్నాను. పోయిన వారం ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు చూసినారా?" అని అడిగింది. బొమ్మలో చూశానన్నాను. "బొమ్మ మా పుస్తకంలో కూడా ఉండాది గదా" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మన ఇంట్లో బడి మెట్టు ఎక్కిన మొదటి మనిషిని నేను. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడానికి నోరు రావడం లేదు.

నాయనకు నచ్చే మాట ఒకటుంది. ఆ ఊళ్ళో మూసీ నది మీద దాదాపు నాలుగు వందల ఏళ్ళ నాటి రాతి వంతెన ఉంది. ఇప్పటికీ దాని మీద బండ్లు నడుస్తున్నాయట.

తిరుపాలు బావ సంగతి నేను తిరిగొచ్చాక మాట్లాడుకుందాం. పెళ్ళయ్యాక టీచరు పని మానుకోవాలని బావ అన్నట్టు అమ్మ రాయించింది. ఆ ఒక్క వాక్యం నేను రెండోసారి చదవలేదు.

ఇట్లు,
మీ కూతురు సువార్త.

తా.క. నారాయణయ్య గారికి నమస్కారం. మీ అంగట్లో ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు 'అన్నం సయించలేదు' అన్నచోట ఆగకండి. అమ్మ అక్కడే ఉండిపోతుంది.


ఉదయగిరి,
12-9-1957.

చిరంజీవి సువార్తకు మీ నాయన కొండలయ్య దీవెనలు. నేను చెప్తా ఉండా, నారాయణయ్య రాస్తా ఉండాడు.

పాపా, పోయి రా. వేలిముద్ర ఏసినా. ఒకటి చాలదేమోనని రెండు ఏసినా.

ఇరవై ఏండ్లుగా రోడ్డు మేస్త్రీ పని చేస్తా ఉండా. ఎన్ని కల్వర్టులు కట్టిచ్చినానో నీకు తెలుసు. మొన్నటి వానకు వరికుంటపాడు దోవలో కట్టింది మళ్ళా కూలింది. నాలుగు వందల ఏండ్లు నిలబడిందంటే అది కట్టినోడు మనిషేనా ఏంది? వంతెన ఊరికే చూసి వచ్చేది కాదు, కొలిచి వచ్చేది. కమానులు లెక్కపెట్టుకొని రా. వెడల్పు ఎంత, నీళ్ళు కొట్టే తట్టు స్తంభాలు మొన తేలి ఉండాయా గుండ్రంగా ఉండాయా, సున్నంలో ఏం కలిపినారు, అన్నీ కనుక్కో. నా టేపు బస్సు డ్రైవరు శీనయ్య చేతికి ఇచ్చి పంపినా. అది తడవకూడదు.

మీ అమ్మ చెప్పమన్నది: రైలు కిటికీలోంచి తల బయట పెట్టొద్దు. తిరుపాలు నా అన్న కొడుకు, సైకిలు షాపు పెట్టుకొని కుదురుగా ఉండాడు, ఆయన్ని అలిగించొద్దు. అన్నం ఎందుకు సయించలేదు?

మీ నాయన కొండలయ్య, అమ్మ శీనమ్మ.

రాసినవాడి మాట: నేను ఆ చోట ఆగలేదమ్మా. ఆమే ఆపింది. - నారాయణయ్య


హైదరాబాదు,
28-9-1957.

నాయనకు, అమ్మకు సువార్త వందనములు. క్షేమంగా ఉన్నాను. రైలు కిటికీలోంచి తల బయట పెట్టలేదు.

రెండు రోజులుగా నోరు తెరుచుకునే తిరుగుతున్నాను. గోలకొండ గుమ్మం కింద ఒకరు చప్పట్లు కొడితే కొండ పైనున్న మాకు వినపడింది. పద్మావతమ్మ గారు నమ్మక నాలుగు సార్లు కొట్టించారు. చార్మినారు కింద నిలబడి చూస్తే మెడ పట్టేసింది గాని చూపు దించబుద్ధి కాలేదు. నాలుగు దిక్కులా నాలుగు వీధులు. ఈ ఊరిని ఎవరో ముందు మనసులో తిరిగి చూసుకుని ఆ తరువాత కట్టినట్టుంది.

ఇవాళ పొద్దున వంతెన దగ్గరికి పోయాం. నాయనా, అది పాతబడలేదు. చింతచెట్టు ముదిరినట్టు ముదిరింది. కమానులు ఇరవై రెండు. మొదటిసారి ఇరవై మూడు వచ్చాయి, అందుకని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఎడ్లబండ్లు, రిక్షాలు, తలమీద గంపలతో కూరగాయల ఆడవాళ్ళు, అందరూ అదేమీ వింత కాదన్నట్టు నడిచిపోతున్నారు. లారీ ఒకటి వస్తుంటే పిట్టగోడ మీద అరచెయ్యి పెట్టి చూశాను. రాయి కదలలేదు. యాభై ఏళ్ళ కిందట ఊరికి ఊరే కొట్టుకుపోయేంత వరద వచ్చినా ఇది నిలబడిందని చెప్పారు.

టేపు ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస పట్టేవాళ్ళు లేకపోయారు. మాతో వచ్చిన సంగం ఊరి బడి మాస్టరు దేవసహాయం గారు, సొంతూరు దుత్తలూరు, పట్టుకున్నారు. మాకోసం రెండు రిక్షాలు ఆగాయి. వెడల్పు ముప్పై అయిదు అడుగులు, కాస్త అటూ ఇటూ.

దీన్ని ఎందుకు కట్టారో అక్కడ ఒక ముసలాయన చెప్పాడు. నిజమో కాదో నాకు తెలియదు. రాజుగారి కొడుకు అవతలి ఒడ్డున ఉన్న ఒక పిల్లను ఇష్టపడ్డాడట. ఒకరోజు నది పొంగుతున్నా గుర్రాన్ని నీళ్ళలోకి దించి ఆమె దగ్గరికి పోయాడట. తండ్రికి తెలిసింది. కొడుకును ఇంట్లో కట్టెయ్యలేదు. నదికి వంతెన కట్టించాడు. అమ్మానాయనలు అందరూ అట్లా ఉంటే ఎంత బాగుంటుందో అనిపించింది. నాకు అవతలి ఒడ్డు వదిలి రాబుద్ధి కాలేదు.

మీ సువార్త.

తా.క. సున్నంలో ఏం కలిపారో తేలలేదు. ఒకాయన కోడిగుడ్లు అన్నాడు, ఒకాయన బెల్లం అన్నాడు. మూడో ఆయన, మీది ఏ డిపార్టుమెంటు అని నన్ను అడిగాడు.


ఉదయగిరి,
5-10-1957.

సువార్తకు మీ అమ్మ శీనమ్మ చెప్పేది. ఈసారి నేనే చెప్తా. మీ నాయన పక్కన కూర్చోని ఉండాడు.

నీ ఉత్తరం అంతా విన్నా. ఎవరు ఆ పిల్లోడు?

నన్ను ఏమార్చొద్దు. మనింట్లో ఆడపిల్ల నాకు ఫలానావాడు కావాలని నోరు తెరిచి ఎప్పుడు చెప్పింది? మీ వరదమ్మత్త తనకు తెచ్చిన సంబంధం ఒద్దని చెప్పాలంటే నల్లకోడి గంప కిందికి రాలేదని కథ చెప్పింది. మీ నాయనను చేసుకుంటానని మా అమ్మకు చెప్పాలంటే, ఎవురో ఒకామె రోడ్డు పనికి పోయి తట్ట మరిచిపోయి వచ్చిందంట అని చెప్పినా. మా అమ్మకు అంతే చాల్లే. నువ్వు నది చెప్పినావు, గుర్రం చెప్పినావు, అవతలి ఒడ్డు చెప్పినావు, అమ్మానాయనలు ఎట్లుండాలో కూడా చెప్పినావు. ఇంకా ఏం మిగిలింది?

ఆ ఊరి రాజులంటే సాయిబులే అని నారాయణయ్య చెప్పినాడు. సాయిబులు మనకేం కొత్త కాదు, ఈ ఊళ్ళో పక్కపక్కనే ఉండాం. కానీ మీ మామకు నేనేం చెప్పేది? పాస్టరు గారి మొహం ఎట్లా చూసేది? ఆ పిల్లోడికి గుర్రం కాకుండా ఇంకేం పని ఉండాది?

మీ నాయన అడగమన్నది: స్తంభాలు మొన తేలి ఉండాయా లేదా? అది రాయలేదే?

మీ అమ్మ.

రాసినవాడి మాట: నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు మీ వాళ్ళ కోసం, ఒకసారి అంగట్లో ఉన్నవాళ్ళ కోసం. పప్పు కొనడానికి వచ్చిన ఒకాయన పప్పు మరిచిపోయి పోయాడు.


ఆత్మకూరు,
12-10-1957.

అమ్మకు, నాయనకు సువార్త వందనములు.

అమ్మా, ఆ రాజకుమారుడు చనిపోయి మూడు వందల నలభై అయిదేళ్ళయింది. నేను చెప్పింది వంతెన కథ. అందులో నా కథ లేదు. అవతలి ఒడ్డు వదలబుద్ధి కాలేదన్నది అక్కడి నుంచి ఇరవై రెండు కమానులూ ఒక్క చూపుకు కనపడతాయి గనక. నేను ఎవరినీ ఇష్టపడలేదు. నేను అడిగేది ఒక్కటే. నా పని నన్ను చేసుకోనివ్వండి. సెలవులయ్యాక బడి తెరిచిన రోజే అయిదో తరగతిలో గోలకొండ చెప్పాను. చప్పట్ల సంగతి చెప్పేసరికి పిల్లలంతా బయటికి పరుగెత్తి బడి గోడకు చెవులు ఆనించి చూశారు. ఆ పిల్ల మళ్ళీ లేచి, "ఇప్పుడు చూసినట్టు చెప్తా ఉండారు టీచర్" అంది. బావ షాపులో ఎన్ని సైకిళ్ళున్నా నాకు ఆ మాటకు సాటి రావు.

నాయనకు: నీళ్ళు కొట్టే తట్టు స్తంభాలు ఎట్లా ఉన్నాయో గుర్తు లేక, దేవసహాయం గారికి కార్డు రాసి అడిగాను. ఆయన అక్కడ నోటుబుక్కులో గీసుకున్న బొమ్మ పంపారు. దీంతో పెడుతున్నాను.

మీ సువార్త.

తా.క. నల్లకోడి కథ నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కథలు రాసేటప్పుడు జాగ్రత్త పడేదాన్ని.


ఉదయగిరి,
19-10-1957.

సువార్తకు నాయన, అమ్మ ఇద్దరూ చెప్పేది.

అమ్మ మాట: చచ్చిపోయినాడని రాసినావు. అంత కోపంగా ఆ మాట అన్నావంటే ఎంత మనసు పెట్టుకోనుండావో నాకు తెలీదా? మూడు దినాలు నేనూ అన్నం సరిగా తినలేదు. మీ మామ, తిరుపాలు ఆదివారం వచ్చినారు. పెండ్లి ఎప్పుడు పెట్టుకుందామన్నారు. నేను లేచి చెప్పేసినా. మా పాపకు హైదరాబాదులో కుదిరింది, వాళ్ళది వంతెనలు కట్టే కుటుంబం అని చెప్పినా. మీ మామ కాఫీ తాగకుండా పోయినాడు. తిరుపాలు మటుకు తాగే పోయినాడు. ఆయనకూ పెద్ద బాధ ఉన్నట్టు లేదు. ఇంక ఊరంతా తెలిసిపోయింది. ఆ పిల్లోడిని తీసుకొని రా, చూస్తాం.

నాయన మాట: పాపా, బొమ్మ అందింది. స్తంభం మొన పడవ మొన మాదిరి ఉండాది. ఇరవై ఏండ్లుగా నేను చేస్తా ఉండే తప్పు ఆ గీతలో కనపడింది. గీసినోడికి చూపు ఉండాది. ఇంక పెండ్లి సంగతి. ఆ రాజుగారు కొడుకు కోసం నది మీద కట్టినాడు. నేను మేస్త్రీని. కూతురికి అడ్డంగా గోడ కట్టినానని మటుకు అనిపించుకోను. నీ పని నువ్వు మానొద్దు. వాళ్ళను అడిగి సున్నంలో ఏం కలిపినారో కనుక్కో. ఇంటి మనుషులకైతే చెప్తారు.

కొండలయ్య, శీనమ్మ.

రాసినవాడి మాట: ఆ రాజూ ఆ కొడుకూ ఎప్పుడో పోయారని మా అబ్బాయి చరిత్ర పుస్తకం తెచ్చి చూపించాను. మీ అమ్మ, పుస్తకాలు రాసేవాళ్ళు పరువు కోసం ఏమైనా రాస్తారంది. మీ నాయన, అట్లయితే ఇప్పుడు వంతెన మరమ్మతు ఎవరు చూస్తున్నారు అని అడిగాడు. ఇక నా వల్ల కాలేదు.


ఆత్మకూరు,
2-11-1957.

అమ్మకు, నాయనకు మీ సువార్త వందనములతో రాసేది.

మీ ఉత్తరం చదివి ముందు ఏడుపు వచ్చింది, తరువాత నవ్వు వచ్చింది. లేని మనిషికి ఒప్పుకున్నారు. నా పని నన్ను చేసుకోమన్నారు. ఇంత పెద్ద మనసు మీకు ఉందని తెలిస్తే నేను ముందే నోరు తెరిచి అడిగి ఉందును. హైదరాబాదులో ఎవరూ లేరని ఈసారి మీరు నమ్మాలి. ఎందుకు నమ్మాలో చెబుతాను.

అమ్మ మామతో చెప్పిన మాట బస్సెక్కి వరికుంటపాడు పోయింది, ఆత్మకూరు వచ్చింది, సంగం కూడా చేరింది. బుధవారం సాయంత్రం దేవసహాయం గారు మా బడికి వచ్చారు. నిమ్మకాయలు నాలుగు తెచ్చి పద్మావతమ్మ గారి ఎదురుగానే నా చేతిలో పెట్టి, సంబంధం కుదిరిందని విన్నాను, సంతోషం అన్నారు. సంతోషం అన్న మనిషి నా వైపు చూడలేదు. గోడ మీద భూగోళం పటంలో ఆఫ్రికాను చూస్తూ అన్నారు. పద్మావతమ్మ గారు కళ్ళజోడు వెతకడానికని లోపలికి పోయారు. కళ్ళజోడు ఆమె కళ్ళకే ఉంది.

నేను మీ ఆఖరి ఉత్తరాలు రెండూ ఆయన చేతికిచ్చాను. గుర్రం దగ్గర నవ్వారు. కాఫీ దగ్గర నవ్వు ఆపుకోలేక కూర్చున్నారు. నాయన మాటలు చదివినప్పుడు మటుకు నవ్వలేదు. కాగితం మడిచి ఇచ్చి, "అయితే టీచర్ గారూ, ఆ రాజుగారి కొడుకు చోటు ఇంకా ఖాళీగానే ఉండాదా?" అని అడిగారు.

పెళ్ళయ్యాక ఆడవాళ్ళు పని మానుకోవాలని మీరూ అంటారా అని అడిగాను. "మానుకుంటే రేపు ఇంకో వంతెన కాడ టేపు రెండో కొస ఎవరు పట్టుకుంటారు?" అన్నారు.

అమ్మా, నేను ఉత్తరంలో రాసింది వంతెన గురించే. దేవుని తోడు. కానీ ఆ రోజు వంతెన మీద ఎంతసేపు ఉన్నానో, ఒక్క వెడల్పునే ఎందుకు మూడుసార్లు కొలిచానో ఇప్పుడు ఆలోచిస్తే నాకే అనుమానంగా ఉంది. నువ్వు చదువుకోలేదు. నా ఉత్తరం నాకంటే ముందు నువ్వే చదివావు. మనిషి ఎవరన్న దగ్గర ఒక్కటే పొరబడ్డావు. ఆయనకు గుర్రం లేదు.

ఆయనకు తల్లి ఒక్కతే ఉంది. మన సంఘమే. నాయన మెచ్చుకున్న బొమ్మ గీసింది ఆయనే. ఇంటి నుంచి మాట వచ్చేదాకా నా నోట ఏ మాటా రాదని ఆయనకు చెప్పాను. పదకొండో తేదీ సోమవారం ఆయన ట్రెయినింగుకు నెల్లూరు పోతారు. పోతే ఏడాది దాకా ఇటు రారు.

మీ కూతురు సువార్త.

తా.క. నారాయణయ్య గారూ, ఈ ఒక్క ఉత్తరం అంగట్లో కాకుండా ఇంట్లో చదవండి. పప్పు కొనేవాళ్ళు ఎవరైనా అడిగితే వంతెన కొలతలు తేడా వచ్చాయని చెప్పండి. అమ్మ ఏ చోట ఆపితే ఆ చోట ఆగండి, ఎంతసేపైనా సరే. అంతా విన్న తరువాత వాళ్ళు చెప్పే మాట, కథగా కాకుండా అవుననో కాదనో, తొమ్మిదో తేదీ శనివారం లోపల నాకు అందేటట్టు రాసి పంపించండి.