మూడో అధ్యాయం ఆలస్యం గురించి

గురువుగారికి నమస్కారం.

నా సిద్ధాంత గ్రంథంలో మూడో అధ్యాయం ఏదని మీరు రెండుసార్లు అడిగారు. సూపర్‌హీరో సినిమాల మీద నలభై పేజీలు రాసి కూడా పంపలేకపోతున్నాను, మన్నించండి.

మా అన్నయ్య సినిమాల్లో హీరోలకు డూపుగా చేస్తాడు. మీకెప్పుడూ చెప్పలేదు. కిందటి నెల గాల్లో ఎగిరే షాటు తీస్తుండగా తాడు తెగి పడ్డాడు. నడుము విరిగింది. ఆస్పత్రిలో అన్నయ్య మంచం పక్కనే కూర్చుని, రాయడం కోసం ఆ సినిమాలే మళ్లీ చూస్తున్నాను.

నిన్న ఒక దృశ్యం దగ్గర ఆపమన్నాడు. "అది నేనే. ముసుగు ఉంది కదా, అమ్మ కూడా పోల్చుకోలేదు," అన్నాడు. ఆ హీరో దేహానికి బరువే లేదని నేను ఆరు పేజీలు రాసింది ఆ దృశ్యం గురించే.

"దీని గురించి ఏం రాశావే?"

"బాగుందని రాశానన్నయ్యా."

ఆ మాటకే అన్నయ్య ముఖం వెలిగిపోయింది. నేను తల తిప్పుకున్నాను.

చాలా అలసిపోయాను, గురువుగారూ. అయినా ఆ అధ్యాయం మొదటి నుంచి మళ్లీ రాయాలి. దయచేసి రెండు నెలలు గడువు ఇప్పించండి. ఆ సినిమాల చివర వచ్చే పేర్లలో డూపుల పేర్లు ఎక్కడా కనిపించలేదు. ఆ పేర్ల కోసం ఎవరిని అడగాలో మీకు తెలిస్తే చెప్పండి. ఇప్పటికి ఒక్క పేరే నా దగ్గర ఉంది.

మీ విద్యార్థిని