చెత్త తేలేదని సున్నా

విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంట్లో చెత్త లేని నేరానికి, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి పర్యావరణంలో సున్నా మార్కులు వేయడం గురించి.

పాత మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకుని బతికే నేను మనవి చేసుకోవడమేమనగా,

1. తమ కార్యాలయం నుండి వెలువడిన ఉత్తర్వు ప్రకారం, చెత్త తగ్గించడం పిల్లలకు నేర్పే నిమిత్తం, ప్రతి సోమవారం బడిలో కాటా పెట్టి ప్లాస్టిక్ తూస్తున్నారు. ఎంత ఎక్కువ తెస్తే అన్ని ఎక్కువ మార్కులు. ఇరవై మార్కులు వార్షిక పరీక్షలో కలుస్తాయట. చెత్త తగ్గించమని చెప్పి, ఎక్కువ తెచ్చినవాడికి మొదటి స్థానమా? చదవేస్తే ఉన్న మతి పోయిందనడం ఇన్నాళ్ళూ సామెత అనుకున్నాను.

2. మా ఇంట్లో పారేసే అలవాటు లేదు. తెగిన వైరు కూడా నాకు పనికొస్తుంది. అమ్మాయి స్టీలు డబ్బా, గుడ్డ సంచీ పట్టుకెళ్తుంది. "మా ఇంట్లో చెత్త లేదు టీచర్" అన్నందుకు సదరు ఉపాధ్యాయురాలు "లేకపోతే పక్కింట్లో అడుక్కురా, ఊరందరిదీ ఒక దారి, నీదొక దారా?" అని గుమ్మం బయట నిలబెట్టారు. మూడు సోమవారాలు, మూడు సున్నాలు.

3. అదే తరగతిలో దుకాణదారు గారి అబ్బాయి రెండు పెట్టెల కొత్త నీళ్ళ సీసాలు తెచ్చి, బడి కుళాయి పక్కనే మంచినీళ్ళన్నీ కాలవలో పారబోసి, ఖాళీ సీసాలు తూయించుకున్నాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ఒళ్ళు మండదా అయ్యా?

4. ప్రధానోపాధ్యాయుల వారిని అడిగితే, "రూలు నాది కాదయ్యా, పైనుంచి వచ్చింది. పైకే వెళ్ళి అడుగు" అన్నారు. అందుకే తమరిని అడుగుతున్నాను.

5. నిన్న వాళ్ళ నాయనమ్మకు తెచ్చిన దగ్గుమందు, మూత తీసి రెండు చెంచాలైనా వాడనిది, అమ్మాయి తూములో పారబోసి ఖాళీ ప్లాస్టిక్ సీసా సంచీలో దాచుకుంది. చెయ్యి చేసుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని కొట్టి ఎరుగను. మా అమ్మ అడ్డమొచ్చి, "దాన్నెందుకురా కొడతావు? పారబొయ్యమన్న వాళ్ళని అడుగు, చేతనైతే!" అంది. దగ్గుతూనే అంది. ఆ దెబ్బ తమ ఉత్తర్వుకు తగలాల్సింది, నా బిడ్డ వీపు మీద పడింది.

కావున సదరు సున్నాలు కొట్టివేసి, చెత్త తేని పిల్లకే పూర్తి మార్కులు ఇప్పించవలసిందిగానూ, ఆ కాటాను బడి గుమ్మం దాటించవలసిందిగానూ వేడుకుంటున్నాను. కోపంలో రాసిన మాటలు మన్నించి, కోపం తెప్పించిన సంగతిని మాత్రం మన్నించకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
చెయ్యి చేసుకున్నందుకు నిన్నటి నుంచీ ముద్ద దిగని ఒక తండ్రి

తా.క. అర్జీ ప్లాస్టిక్ ఫైలులో పెట్టి ఇస్తేనే తీసుకుంటామని తమ గుమస్తా గారు అన్నారు. కొన్నాను. దాన్ని చూసి మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని, "నాన్నా, సార్ చదివేశాక ఆ ఫైలు తిరిగి ఇచ్చేయమని రాయవా? సోమవారం తూకానికి పట్టుకెళ్తాను" అంది. దానికేం చెప్పమంటారో తమరే సెలవియ్యండి.