అన్నయ్య పెంచిన పాము

చిన్నీ,

కుక్కర్లో అన్నం ఉంది, చల్లారకముందే తిను. ఆసుపత్రిలో నేను బట్టలుతికే చోట ఇవాళ ఇద్దరు పనికి రాలేదట. నేను వచ్చేసరికి ఆలస్యమవుతుంది.

అన్నయ్య ఆడుకునే గేమ్ మిషన్ కోసం వెతక్కు, నా దిండు కింద ఉంది. నీ ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. అందులో వాడు మూడేళ్లు పెంచిన ఊదారంగు విషప్పాము ఇక లేదు. కోపమొస్తే నాలాగే బుసకొడుతుందని దానికి ‘అమ్మ’ అని పేరు పెట్టాడుగా. వాడు పోయాక నువ్వు రోజూ దాన్ని చూసుకుంటుంటే, నాకూ ఒకసారి చూడాలనిపించి పొద్దున్న తెరిచాను. తెరమీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. వాడెప్పుడూ నొక్కే బటనే నొక్కాను. పాము పడగ దించి గడ్డిలోకి వెళ్లిపోయింది.

ఫోన్లు బాగుచేసే ఆయనకి చూపించాను. “దాన్ని వదిలేయాలా అని అడిగిందమ్మా, మీరు సరే అన్నారు. ఇక తిరిగి రాదు” అన్నాడు.

ఎన్ని తిట్టినా పడతాను. మాట్లాడ్డం మాత్రం మానకు.

అమ్మ

నాన్నకి చెప్పకు, నేనే చెప్తాను. పాము వెళ్తూ ఒక్కసారి ఆగి వెనక్కి చూసింది. “వెళ్లకురా నాన్నా” అని పైకే అనేశాను.