నిలబడి రాసిన పలక

దేవరకొండ,
జూన్ 14

అమ్మా, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఈ కార్డు బాపుతో చదివించుకో. ఫోన్ చేస్తే పక్క గదిలో మా యారాలు సుమన వింటుంది.

మొన్న సుమన కొడుకునీ మన వర్షితనీ కలిపి ప్రైవేటు బడికి తీసుకుపోయాం. వాడు చేతులు కట్టుకుని అడిగినవన్నీ చెప్పాడు. కడుపులో ఉన్నప్పుడే కూర్చోవడం నేర్చుకున్నాడేమో! సుమన నన్ను చూసి నవ్వింది. నా ఒళ్ళు మండింది. పిల్ల కుదురుగా ఉండాలని నువ్వు దర్గాలో కట్టించిన తాయెత్తు ఉంది కదా, వర్షిత దాన్నే విప్పి గిరగిరా తిప్పుతూ, సార్ పేరడిగినా పలకలేదు.

నిన్న సర్కారు బడికి పోయాం. "దీనికి ధ్యాస నిలుస్తలేదని దవాఖానల చెప్పిన్రు మేడం" అన్నాను. జేబా టీచర్ పలకను కిటికీ దిమ్మె మీద పెట్టి, "కూసోకుంటేంది? నిలబడే రాయి బిడ్డా" అంది. పలక నిండా రాసిందమ్మా! కూర్చోమని నేను ఏడాదిగా కొడుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి, "నాకు జేబా టీచరే గావాలె, నువ్వొద్దు" అంటుంది.

ఆ బళ్ళోనే వేస్తున్నాను. వాళ్ళ నాయినకు నేనే నచ్చజెప్తాను.

బర్రె ఈనిందా? నీ మోకాలు చూపించుకున్నావా? బాపుకు నా దండాలు.

వర్షితకు ఇంకో తాయెత్తు పంపకు. పంపితే నాకు పంపు. సుమన మీద మంట చల్లారింది గానీ, ఇప్పుడు ఆ టీచరమ్మ మీద రగులుతోంది.

నీ బిడ్డ,
స్వరూప