మనిషి లేని కంప్యూటర్లు

రాజాం, గురువారం

సీట్లో మనిషి లేకుండా ఇంజను ఆడుతుంటే నాకు ఎప్పుడూ ఒళ్లు మంటే. లారీ నడిపినన్నాళ్లూ క్లీనర్లను దీనికే తిట్టాను. ఇప్పుడు నా కూతురు రూతు అదే పని చేస్తోంది. హాల్లో మూడు రకాల కంప్యూటర్లు పెట్టింది. వాటి ముందు ఎవరూ కూర్చోరు, తెర మీద ఏమీ కనిపించదు. అయినా లోపల ప్రోగ్రాము నడుస్తూనే ఉంటుందట. ఏ రకం కంప్యూటర్లోనైనా అలా వెనకాల నడిచే ఏర్పాటు చెయ్యడమే రూతు ఉద్యోగం. సోమవారం ఆఫీసువాళ్లకు చూపించాలి, నడవకపోతే పరువు పోతుంది.

సాయంత్రం అది బజారుకెళ్లగానే మూడింటికీ స్విచ్ తీసేశాను. వచ్చి కేకలేసింది.

"ముందు ఆపమని దానికి సెప్పాలి నాన్నా! ఒక్కసారిగా కరెంటు పీకేసినావేటి?"

"మనిషి నేని కాడ కరెంటెందుకే?"

విసుక్కుంటూ మళ్లీ స్విచ్ వేసింది. రెండింటిలో ప్రోగ్రాము తనంతట తానే లేచి, ఆగిన చోటి నుంచి పని అందుకుంది. మూడోదాంట్లో లేవలేదు. రూతు దాని మీదికి వంగి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"నాన్నా, సోమవారం ఆఫీసోళ్ల ముందు కరెంటు పోతే ఇదే అయ్యేది. ఇది బాగుసేసినాక మళ్లీ ఇలాగే పీకుతావేటి?"

ఇంతలోనే నేను పనికొచ్చానన్నమాట! ఆఫీసువాళ్లకు నా పేరు చెబుతుందా లేదా? ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసేలోగా జవాబు కావాలి. లేకపోతే ఆ స్విచ్ నేను ముట్టనే ముట్టను.